పడుగూ పేకా, పేకాట బల్లా



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదివి, రైల్వేలో చిన్న నౌకరీలో చేరి, తరువాత డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తానైనవాణ్ణి. పగలంతా హాజరు పట్టీలూ, సెలవు కాగితాలూ చూచుకునేవాడికి సభలో మాట్లాడే అలవాటు యెక్కడ నుంచి వస్తుంది? తప్పులుంటే మన్నించ ప్రార్థన.

మన సంఘం కార్యదర్శిగారు ఒకనాడు దారిలో కనిపించి, “ఇంట్లో పేకాట బల్ల చేసినావట గదా, దాన్ని గూర్చి ఆదివారం నాలుగు మాటలు చెప్పు. ఉగాది సంచికలో కూడా వేద్దాం” అన్నారు. నేను సిగ్గుపడ్డాను. ఉగాది సంచికలో భక్తిని గూర్చీ, విద్యను గూర్చీ, సంఘసేవను గూర్చీ వ్రాస్తారు గాని, పేకాటను గూర్చి యెవరు వ్రాస్తారు? తీరా ఆలోచించగా, మన జోడ్‌భావి పేట్‌లో యీ సంగతితో పని లేని ఇల్లు తక్కువేనని తోచింది. అందుచేత ఒప్పుకున్నాను.

మనం సాలెవాళ్ళం. మనకు పేక అంటే ముందు గుర్తుకు వచ్చేది ముక్కల కట్ట కాదు. పడుగూ పేకా. పడుగు నిలువు దారం, పేక అడ్డదారం. నాడె అటూ యిటూ పోతూ పేకను పడుగులో వేస్తే బట్ట అవుతుంది. ఆ పేకతో మన తాతలు సంసారాలు నిలబెట్టారు. ఈ రెండవ పేకతో కొన్ని సంసారాలు కూలినవి కూడా మనం చూచాం. మాట ఒక్కటే, పని వేరు.

మన పెద్దలు తెలంగాణా పల్లెల నుంచి మగ్గం పని చేత పట్టుకుని యీ షోలాపూరుకు వచ్చారు. 1860లో యిక్కడికి రైలు వచ్చింది. 1877 ప్రాంతంలో, మనం జూనీ మిల్లు అని చెప్పుకునే మిల్లు లేచింది. ఇంటి మగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చాయి. మగవాళ్ళు కార్ఖానాలో చాదర్లూ, టవళ్ళూ నేస్తే, ఆడవాళ్ళు గడపలో కూర్చుండి బీడీలు చుట్టారు. మా యిల్లూ అంతే. మా తాత గుంట మగ్గం మీద నేశాడు. మా నాయన ముప్పయి యేళ్ళకు పైగా పవర్‌లూము నడిపాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు మందగించాయి. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టుకున్నాయి. మా అవ్వ నేటికీ బీడీలు చుడుతుంది.

ఇక అసలు సంగతి. నాకొక తమ్ముడున్నాడు. వాడి కథ యీ సభలో చెప్పవచ్చునా అని వాణ్ణే అడిగాను. “పేరు చెప్పకుండా చెప్పు అన్నా, యింకొకడికైనా పనికి వస్తుంది” అన్నాడు. వాడి అనుమతి మీదనే చెబుతున్నాను.

2020లో కరోనా లాక్‌డౌను వచ్చి కార్ఖానాలు మూతపడ్డప్పుడు వాడికి చేతిలో పని లేదు, ఫోను వున్నది. అందులో రమ్మీ మొదలుపెట్టాడు. మొదట పది రూపాయలు, తరువాత వంద, తరువాత లెక్క లేదు. కార్ఖానాలు మళ్ళీ నడిచాక కూడా యీ ఆట నిలువలేదు. మాకెవ్వరికీ తెలియదు. ఇంట్లో కూర్చుండి ఆడితే ముక్కల చప్పుడైనా వినిపిస్తుంది. దుప్పటి కప్పుకుని ఫోనులో ఆడేవాడు గెలిచాడో, ఓడాడో పక్కన పడుకున్నవాడికి కూడా తెలియదు. ఒకనాడు అప్పిచ్చినవాడు గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. అవ్వ బీడీల డబ్బు కూడబెట్టుకున్నది యేదో వుంటే, మాట్లాడకుండా తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆ రాత్రి యింట్లో యెవ్వరమూ అన్నం తినలేదు.

2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోనులోని ఆట మూతపడింది. మేము సంతోషించాం. పది దినాలు గడవకముందే తమ్ముడు రాత్రిళ్ళు ఆలస్యంగా రావడం మొదలయింది. ఫోను పోయి అడ్డా వచ్చిందన్నమాట. చట్టం తలుపు మూస్తుంది గాని, మనిషి లోపలి దాహాన్ని తీర్చదు గదా!

ఇక్కడ చట్టం మాట కొంచెం చెప్పాలి, యెందుకంటే మనలో చాలామంది “రమ్మీకి సుప్రీంకోర్టు ఒప్పుకున్నది” అని ధైర్యంగా అంటూ వుంటారు. ఆ తీర్పు 1967లో వచ్చింది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పడగా ఆ కేసు నడిచింది. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, యేది వుంచాలో యేది పారవేయాలో తెలియాలి, కనుక అది ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట వలె ఉత్త అదృష్టం కాదు అని కోర్టు అన్నది. అది నిజమే. అయితే అదే తీర్పులో, పందెం పెట్టి ఆడించి ఆ యింటివాడో, క్లబ్బువాడో లాభం తీసుకుంటే నేరం కావచ్చునని కూడా వున్నది. మనవాళ్ళు మొదటి సగం చదివి రెండవ సగం వదిలిపెడతారు. మరి ఏ అడ్డావాడు లాభం తీసుకోకుండా మనకు చాపా, చాయీ, దీపమూ యిస్తాడు?

దీపావళికి ముందు ఒక ఆదివారం నాయనా నేనూ కూర్చుండి ఆలోచించాం. “ఆడవద్దు” అని ఐదేండ్లు చెప్పాం, ఫలితం లేదు. “ఆడు, మా ముందర ఆడు, డబ్బు లేకుండా ఆడు” అని చెబితే యెట్లా వుంటుంది? అయితే నాయనకు మోకాళ్ళ వల్ల జంఖానా మీద కూర్చుండడం కాదు. కుర్చీల మీద కూర్చుండి ఆడాలంటే బల్ల కావాలి. నేను ఫోనులో అమెరికావారి పోకర్ బల్లల బొమ్మలు చూచాను. ఎనిమిది పక్కలు, మీద పచ్చని బట్ట, బట్ట కింద మెత్త, చుట్టూ మోచేతులు ఆనించడానికి అంచు. ఎవరూ మూలకు పడరు, అందరూ అందరికీ కనిపిస్తారు. ఆ బల్ల నాకు నచ్చింది. ఆ ఆట నచ్చలేదు. పోకర్‌లో పందెమే ఆట; పందెం తీసివేస్తే ఉప్పు లేని కూర. రమ్మీ అట్లా కాదు, డబ్బు లేకపోయినా రుచి వుంటుంది. కనుక బల్ల వారిది, ఆట మనది అనుకున్నాం.

కట్టె యెక్కడిది? మా తాత మగ్గం విప్పి అటక మీద పెట్టి ముప్పయి యేండ్లు కావచ్చింది. టేకు కట్టె. దాన్ని దింపుతుంటే అవ్వ అడ్డం వచ్చింది.

“మీ తాత దినాం దండం బెట్టి కూసున్న కట్టెరా అది. దాని మీద జూదమాడుతరా? ఇప్పటిదాంక పోయింది చాలదా?”

నాకు జవాబు తోచలేదు. నాయనకు సరిగా వినిపించకపోయినా, ఆమె ముఖం చూచి సంగతి తెలుసుకున్నాడు. “కట్టె వూకె వుంటే చెదలు తింటది. నలుగురు సుట్టు కూసుంటే బతుకుతది. పైస పెట్టినోని చెయ్యి నేనే ఇరుస్త” అన్నాడు. అవ్వ మాట్లాడకుండా లోపలికి పోయింది. ఒప్పుకున్నదని కాదు, వద్దనలేదు. అంతే.

ఇక బల్ల చేసిన విధానం చెబుతాను. చేయాలనుకునేవారికి ఉపయోగపడుతుంది.

బల్ల పైభాగానికి ఒక ప్లైవుడ్డు పలక కొన్నాను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. దాన్ని సగానికి కోయిస్తే రెండు 4 అడుగుల చదరాలు వచ్చాయి. ఒకటి బల్లకు, రెండవది మా పిల్లవాడి చదువు బల్లకు. చదరాన్ని ఎనిమిది పక్కలుగా చేయడమెట్లా అని నేను కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్కలు వేస్తుంటే, నాయన నవ్వి దారం తెచ్చాడు. నాలుగు మూలల నుంచి యెదురు మూలలకు గీతలు గీసి నడిమి చుక్క గుర్తు పెట్టాడు. ఒక మూల నుంచి ఆ నడిమి చుక్క దాకా దారం పట్టి ముడి వేశాడు. అదే కొలతను ప్రతి మూల నుంచి రెండు పక్కల అంచుల మీదా పెట్టి గుర్తు వేశాడు. ఎనిమిది గుర్తులు వచ్చాయి. వాటిని కలిపి నాలుగు మూలలూ కోస్తే ఎనిమిది పక్కల బల్ల! తరువాత నేను కొలిచి చూచాను. 48 అంగుళాల చదరానికి దారం 34 అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ. మూల నుంచి కోత 14 అంగుళాలు. ప్రతి పక్కా దాదాపు 20 అంగుళాలు. ఒక మనిషి మోచేతులు పెట్టుకుని కూర్చుండడానికి సరిపోతుంది. మెట్రిక్ చదివిన నేను అరగంట వేసిన లెక్కను బడికి సరిగా పోని నాయన ముడి దారంతో తేల్చాడు. దారం మాత్రం సాగనిది కావాలి. నేను తెచ్చిన సుతిలి సాగుతుందని ఆయన పారవేసి, పడుగు నూలు నాలుగు పోగులు పేని కట్టాడు.

కాళ్ళకు మగ్గం గుంజలు వాడాం. గుంట మగ్గం గుంజలు నేలలో పాతివుంటాయి గనుక కింది కొనలు తేమకు చెడి వుంటాయి. జానెడు మేర కోసి పారవేయాలి. పాత టేకు యెండి రాయి వలె వుంటుంది. సరాసరి స్క్రూ తిప్పితే స్క్రూ తలైనా విరుగుతుంది, కట్టె అయినా చీలుతుంది. ముందు సన్నని బరమాతో తొలిచి, స్క్రూకు కొంచెం సబ్బు రాసి తిప్పితే సాఫీగా పోతుంది. నాలుగు కాళ్ళను రెండు చట్రాలుగా చేశాం. ఒక చట్రానికి పైనుంచి, రెండవదానికి కింది నుంచి నడుమ సగం లోతు కాడి కోసి, ఒకదానిలో ఒకటి కూర్చితే కూడిక గుర్తు వలె నిలుస్తుంది. పైపలకను నాలుగు బోల్టులతో, చేత్తో తిప్పే చెవుల నట్టులతో బిగించాం. ఆట అయిపోయాక ఐదు నిమిషాలలో విప్పి మంచం వెనుక పెట్టవచ్చు. మన యిండ్లు యెంతెంత వుంటాయో మీకు తెలియనిది కాదు.

నేను చట్రాలు రెండడుగుల వెడల్పు చాలుననుకున్నాను. నాయన రంపం పట్టుకుని ఆపాడు. “కాళ్లు లోపలికి వుంటే, మీ మామ మోచెయ్యి ఆనిస్తే బల్ల బోర్ల పడ్తది” అన్నాడు. అందుచేత 38 అంగుళాలు పెట్టాం. కాలు అంచుకు 5 అంగుళాలు మాత్రమే లోపల. ఇప్పుడు యెవరు ఆనుకున్నా కదలదు. మా యింటి షహాబాదు బండలు యెగుడుదిగుడు గనుక ఒక కాలు కింద రబ్బరు ముక్క పెట్టవలసి వచ్చింది. ఎత్తు 29 అంగుళాలు. మామూలు కుర్చీకి సరిపోతుంది.

ఇక బట్ట. సాలెవాళ్ళ యింట్లో బట్ట విషయంలో తప్పు జరుగుతుందా అంటే, జరిగింది. చేసింది నేనే. మొదట మన టెర్రీ టవలు గుడ్డ పరిచి చూచాను. దాని ఉంగరాల పోగులకు ముక్క తగులుకుని జారదు. తరువాత మన చాదరు పరిచాను. భౌగోళిక గుర్తింపు పొందిన చాదరు, చూడడానికి గొప్పగా వున్నది. దాని పువ్వుల మీద ఇస్పేటేదో, కళావరేదో కన్ను పట్టలేదు. చివరకు పాత చాదరును మెత్తగా కింద వేసి, మీద చిక్కగా నేసిన సాదా ముదురు పచ్చ నూలు బట్ట వేయాలని తేలింది. అమెరికావారు రబ్బరు నురుగు మెత్త వేస్తారు. మనకు మన చాదరే మెత్త. అయితే నేను తొందరపడి, బట్టను ఉతకకుండా, జిగురు పూసి అతికించాను. జిగురు పైకి వూరి మచ్చలయింది. మరునాడు చాయ్ వొలికి తడిసిన చోట బట్ట ముడుచుకుని మడతలు పడింది.

నాయన బట్ట అంతా పీకించాడు. కొత్త బట్టను రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టి ఆరవేయించాడు. పడుగు పోగు బల్లకు నేరుగా వచ్చేటట్టు పెట్టి, ముందు ఒక పక్క నడుమ ఒక మొల, తరువాత దాని యెదుటి పక్క నడుమ లాగి ఒక మొల, అట్లా నాలుగు జతల పక్కలూ అయినాక మూలల వైపు పోయాడు. మూల నుంచి మొదలుపెడితే బట్ట వంకరపోతుందట. జిగురు బొట్టు లేదు. అంచున ఎనిమిది టేకు పట్టీలు స్క్రూలతో బిగించాం. పట్టీలు విప్పితే బట్ట ఉతుక్కోవచ్చు. ఎనిమిది పక్కల బల్లకు ఒక్కొక్క మూల 135 డిగ్రీలు గనుక, పట్టీ కొనను 22న్నర డిగ్రీల వాలుగా కోయాలి. ఇక్కడ మాత్రం నా మెట్రిక్ చదువు పనికి వచ్చింది. అయినా చివరి మూలలో సందు మిగిలితే రంపపు పొట్టూ, జిగురూ కలిపి నింపాను. అది మీరు వస్తే కనబడుతుంది, దాచను.

పని అంతా నాలుగు ఆదివారాలు పట్టింది. తమ్ముడు మొదటి రెండు వారాలు చూడనట్టే పోయాడు. మూడవ వారం గుంజ పట్టుకోమంటే పట్టుకున్నాడు.

తరువాత నియమాలు వ్రాసి గోడకు అతికించాను. డబ్బు లేదు. లెక్కకు చింతగింజలు. 101 పాయింట్ల ఆట. మొదటనే ఆట వదిలితే 20, నడుమ వదిలితే 40, నిండా చిక్కితే 80. రాత్రి తొమ్మిదిన్నరకు ఆట బంద్. చాయ్ బల్ల మీద పెట్టరాదు, పక్కన పీట మీద పెట్టాలి. ఆరుగురికి రెండు కట్టలు చాలును. లెక్క వ్రాసేది మా పిల్లవాడు, వాడికి కూడికలు వచ్చాయి. ఎనిమిదవ కుర్చీ వంతు కోసం కనిపెట్టుకున్నవారిది.

మొదటి ఆదివారం నాయనా, నేనూ, మా మేనమామా, పక్కింటి మరాఠీ కాకా, మా యింటిది, అందరం కూర్చున్నాం. కాకాకు “పత్తే” అంటే ప్రాణం. అవ్వ రాలేదు, గడపలో బీడీల చేట పెట్టుకుని మా వైపు వీపు చేసి కూర్చున్నది. రెండవ వారం ముఖం యిటు తిప్పింది. మూడవ వారం, “ఆ రాణిని ఎందుకు పారేస్తివి, మొద్దూ!” అని మామను కోప్పడింది. అంతే, ఆమెకు కుర్చీ వేశాం. ముక్కలు చేతిలో సర్దుకోవడం చూస్తే తెలిసింది, ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆట వచ్చునని. నా యింత వయసుకు మా అవ్వను గూర్చి నాకు అది తెలియదు.

ఆ రాత్రే తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవ్వరమూ పిలువలేదు, పిలిస్తే పోతాడని భయం. అవ్వ తల యెత్తకుండా, “నిలబడి ఏం జూస్తవ్, కూసో. నా చెయ్యి నువ్వాడు, నాకు బీడీలు వున్నయి” అని లేచింది. వాడు ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ముక్కలు అందుకున్నప్పుడు వాడి చెయ్యి వణికింది. నాయన చూచి చూడనట్టు తన ముక్క వేశాడు.

ఇక్కడితో కథ ముగించి వాడు మారిపోయాడంటే మీకు సంతోషంగా వుంటుంది. అది నిజం కాదు. ఆ తరువాత కూడా వాడు రెండుసార్లు అడ్డాకు పోయాడు. అయితే ఆ రెండుసార్లూ మరునాడు తానే వచ్చి, “అన్నా, నిన్న పోయిన. ఇంత పోయింది” అని చెప్పాడు. ఐదేండ్లు దుప్పటి కింద దాచినవాడు యీనాడు వచ్చి చెబుతున్నాడు. కూలి డబ్బు తానే తెచ్చి అవ్వ చేతికి యిస్తున్నాడు. మాకు ప్రస్తుతానికి అది చాలును.

ఇండ్లలో జూదం నేర్పుతున్నావా అని నన్ను అడిగినవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నాకూ ఆ భయం వున్నది. మా పిల్లవాడు లెక్క వ్రాస్తున్నాడు గదా, రేపు వాడేమవుతాడు? నాకు తోచినది మనవి చేస్తాను. ధర్మరాజు మంచివాడే, నలుడూ మంచివాడే. జూదం చెడ్డదని వారికి తెలియక ఆడలేదు. పందెం పెట్టాక లేవలేకపోయారు. కనుక ముక్కలు పట్టడం కంటె ముఖ్యంగా పిల్లలకు లేవడం నేర్పాలి. తొమ్మిదిన్నర కాగానే, చేతిలో యెంత మంచి ముక్కలున్నా కింద పెట్టి లేవడం మా పిల్లవాడు ప్రతి ఆదివారం చూస్తున్నాడు. ఆటలో ఓడినా చింతగింజలు డబ్బాలోకి పోతాయి గాని బియ్యం డబ్బా ఖాళీ కాదని చూస్తున్నాడు. నా ఆలోచన తప్పయితే పెద్దలు చెప్పాలి. వింటాను.

అయితే ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. అడ్డా రోగం వున్న యింట్లో బల్ల ఒక్కటే మందు కాదు. అప్పు సంగతి నలుగురిలో చెప్పుకోవాలి, కూలి డబ్బు ఇంటివారి చేతికి రావాలి, అవసరమైతే డాక్టరు దగ్గరకు పోవడానికి సిగ్గుపడరాదు. మేము తమ్ముణ్ణి డాక్టరుకు కూడా చూపించాం. జ్వరం వస్తే పోతాం గదా, యిదీ అంతే.

2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం. ఇంతకు ముందు 1966లో వచ్చింది. పేరు వినగానే కొందరు భయపడుతున్నారు. పరాభవమంటే ఓటమి గదా! మా బల్ల దగ్గర మేము ప్రతి ఆదివారం ఓడుతూనే వున్నాం. నిన్నటి వారం నేను ముందుగా 101 దాటి అందరికీ చాయ్ పోసి యిచ్చాను. అటువంటి ఓటములే మన యిండ్లన్నిటికీ కలుగు గాక!

బల్ల చేయదలచినవారు మా యింటికి వస్తే కొలతలు వ్రాసి యిస్తాను. దారం మాత్రం నాయన దగ్గర వున్నది. ఆయనకు కొంచెం గట్టిగా చెప్పాలి.